మూడు చిల్లుల కాగితం

ఆ ఏడు శరత్కాలమంతా మా ఇంట్లో అందరం తుపాకి పాడై ఉండాలనే కోరుకున్నాం. అందరం అంటే ఇద్దరమే, నేనూ మా నాన్నా. మా లోయలో అలా కోరుకున్న ఇల్లు ఇంకోటి ఉండి ఉండదు. పెళ్లాం అలిగి పుట్టింటికి పోతే మా మగాళ్లు రెండు రోజుల్లో సర్దుకుంటారు గాని, తుపాకి మీద గీత పడితే వారం రోజులు తిండి సయించదు వాళ్లకి. అలాంటిది, పొద్దున లేచి ఆ తుపాకి వంక చూసి, దేవుడా దీని గొట్టం వంకరపోయి ఉండాలి అనుకుంటూ పొయ్యి రాజేసేదాన్ని నేను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆరేడు వారాలూ నాకు మంచులోంచే కనిపిస్తాయి. మా లోయలో పారే సోచా నది మీంచి లేచిన మంచు మధ్యాహ్నానికి గాని విడిచేది కాదు. కొండ మీది మేత బీళ్ల నుంచి దిగొచ్చే గొర్రెల గంటలు వినిపించేవి, గొర్రెలు కనిపించేవి కావు. నిజంగా అన్ని రోజులూ అంత మంచు పడిందో, లేక నా కళ్లే మూసుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

సెప్టెంబరు నడిమిలో ఒక పొద్దున నాన్నా నేనూ కొండెక్కాం. నాన్న పేరు ఇజిదోర్. డెబ్బై రెండేళ్లు. మా లోయ వేటగాళ్ల సంఘంలో ఆయన కంటే గురి ఉన్నవాడు లేడని శత్రువులు కూడా ఒప్పుకునేవాళ్లు. నేను జున్ను కేంద్రంలో పని చేస్తాను. నలభై దాటాక, అమ్మ పోయిన తర్వాత, ఆయన్ని ఒంటరిగా కొండ మీదికి పంపలేక నేనూ పరీక్ష రాసి సంఘంలో చేరాను. జున్ను వాసనకి అడవిలో జంతువులన్నీ పక్క దేశానికి పారిపోతున్నాయని సంఘంలో నన్ను ఆటపట్టించేవాళ్లు. పోతే పోనీ, అక్కడైనా బతుకుతాయి అనేదాన్ని.

నాన్నకి ఆ ఏడు ఒక ముసలి కొండమేక మీద కన్ను. మేం గామ్స్ అంటాం దాన్ని. నల్లటి ఒళ్లు, ఒక కొమ్ము కొంచెం లోపలికి తిరిగి ఉంటుంది. నాలుగేళ్లుగా చూస్తూ వదిలేస్తున్నాడు. వాడికీ నాకూ ఇదే ఆఖరి ఏడాది, ఎవరు ముందో తేల్చుకుంటాం అనేవాడు. అయితే సంఘంలో ఒక నిబంధన ఉంది. డెబ్బై దాటినవాళ్లు ఏటా, నవంబరు మూడున వేటగాళ్ల పండగ వచ్చేలోగా, వంద మీటర్ల దూరంలో కాగితం పెట్టి మూడు తూటాలు కాల్చాలి. మూడూ అరచేతంత వలయంలో పడాలి. పడకపోతే తుపాకి అప్పగించి గౌరవ సభ్యుడిగా కూర్చోవాలి. గౌరవ సభ్యుడంటే పండగనాడు ముందు వరసలో కుర్చీ, మిగతా ఏడాదంతా ఇంట్లో బల్ల. ఆ మాట వింటేనే నాన్న మొహం మాడిపోయేది.

గొర్రెల కాపరుల ఆఖరి గుడిసె దాటాక ఏటవాలు గడ్డి ఉంది. తడిసిన గడ్డి మా దగ్గర బండరాయి కంటే ప్రమాదం. నాన్న ముందు నడుస్తున్నాడు. పది అడుగుల తర్వాత ఆయన మంచులో కలిసిపోయాడు. నేను ఆయన్ని చూడలేదు, విన్నాను. ముందు ఆయన చేతికర్ర రాతికి తగిలిన చప్పుడు, తర్వాత ఇంకో చప్పుడు, మెత్తగా. ఆ రెండోదాని గురించి నేను చాలా రోజుల వరకు ఆలోచించలేదు.

కిందికి జారుతూ వెళ్లేసరికి నాన్న ఒక రాతికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. టోపీ ఎటో పోయింది. నన్ను చూసి చెయ్యి ఊపాడు, నా వైపు కాదు, తన కింద వైపు.

"తుపాకి చూడు," అన్నాడు.

నేను వెళ్లాను. ఆయన పక్క నుంచే, ఆయన్ని దాటుకుంటూ వెళ్లాను. తుపాకి ఇంకో పది అడుగుల కింద, రెండు రాళ్ల మధ్య పడుకుని ఉంది. మా వాళ్లు పడ్డప్పుడు ముందు అడిగేది తుపాకి గురించే. మా తాత కాలు విరిగినప్పుడు కూడా తుపాకి విరగలేదని మా నాయనమ్మకి కబురు వచ్చిందట. ఇంట్లో అది చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

ముందు బోల్టు తీసి తూటాలు బయటికి లాగి జేబులో వేసుకున్నాను. తర్వాత నాన్న పైనుంచి ఒక్కొక్కటే అడిగాడు, నేను కిందనుంచి చెప్పాను.

"మూతి?"

"వేలు పెట్టి చూశాను. సొట్ట లేదు."

"గొట్టంలో మట్టి?"

"లేదు. వెలుగు కనిపిస్తోంది."

"తుపాకి కర్ర? చెయ్యి పట్టే మణికట్టు దగ్గర చూడు, అక్కడే చీలుతుంది."

"చీలలేదు. భుజానికి ఆనే మడమ దగ్గర ఒక గీత."

"దుర్భిణి?"

అద్దం పగల్లేదు, దాన్ని బిగించే పట్టీలు కదల్లేదు, మరలు గట్టిగానే ఉన్నాయి. బోల్టు ఎప్పటిలాగే నూనెలో ఆడినట్టు ఆడింది. సేఫ్టీ పెట్టి ట్రిగ్గర్ నొక్కాను, కదల్లేదు. ఖాళీ తుపాకిని మడమ మీద నేలకేసి రెండుసార్లు తట్టాను, దానంతటది పేలే రకంగా వదులైందేమో చూడ్డానికి. కాలేదు. అన్నీ చెప్పాను. నాన్న ఇంకేమీ అడగలేదు, నేనూ ఏమీ అడగలేదు.

టోపీ వెతికి తెచ్చి ఆయన తల మీద పెడుతుంటే, మెల్లగా పెట్టు అన్నాడు. లేచేటప్పుడు నా భుజం పట్టుకుని, లేచాక కూడా కాసేపు వదల్లేదు. ఇవన్నీ నేను చూశాను. చూసినవన్నీ ఎటు పోతాయో ఎవరికి తెలుసు. కింద పడ్డ తుపాకిని కాగితం మీద పరీక్షించకుండా జంతువు వైపు ఎత్తకూడదు కనక ఆ రోజు వేట మానుకుని దిగొచ్చాం. దారంతా నాన్న హుషారుగానే ఉన్నాడు. కొండమేకగాడికి ఇంకో వారం ఆయుష్షు ఇచ్చానన్నాడు.

ఆ తర్వాత పది రోజులు వాన. వాన వెలిసిన శనివారం పాత రాళ్ల గనిలో కాగితం కట్టాం. మా సంఘం పెద్ద రాడో వచ్చాడు, ఇంకో నలుగురైదుగురు వచ్చారు. రాడో నాకంటే పదేళ్లు పెద్ద, నాన్న దగ్గరే వేట నేర్చుకున్నవాడు, ఆయన్ని మామా అని పిలుస్తాడు. నాన్న పడుకుని, ఊపిరి బిగించి, మూడు కాల్చాడు. రెండు వలయం ఎడమ అంచున తగిలాయి, మూడోది బయటికి పోయింది.

మా వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. రాయి దెబ్బ కొట్టింది దీన్ని, చూశారా, అన్నాడొకడు. దుర్భిణి పట్టు తప్పి ఉంటుందన్నాడు ఇంకొకడు. ఇజిదోర్ తుపాకి ఎడమకి కొట్టిందంటే అది తుపాకి తప్పే, అందులో ఎవరికీ అనుమానం లేదు. నాన్న కూడా నవ్వాడు. పండగలోగా బాగు చేయించి మళ్లీ కాల్చండి మామా, ఈ కాగితం లెక్కలోకి రాదు అన్నాడు రాడో. నాకెంత హాయి అనిపించిందంటే, ఆ సాయంత్రం ఆయనకిష్టమని జున్నూ బంగాళదుంపలూ కలిపి పెనం మీద ఎర్రగా కాల్చి పెట్టాను. నాన్న సగమే తిన్నాడు. తల దిమ్ముగా ఉంది, దక్షిణపు గాలి మొదలైంది అన్నాడు. మా దగ్గర దక్షిణపు గాలి వీస్తే సగం ఊరికి తలనొప్పి. నాకూ ఉందన్నాను.

పట్నంలో తుపాకులు బాగు చేసే గాష్పర్ నాన్నతో బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. తుపాకిని బిగింపులో పెట్టి, గొట్టంలోకి దీపం వేసి, దుర్భిణి విప్పి, పట్టీలు విప్పి, మళ్లీ బిగించి, కర్ర మీద గోటితో తట్టి చెవి పెట్టి విన్నాడు. పూట పట్టింది. నాన్న కుర్చీలో కూర్చుని కునుకు తీశాడు.

"దీనికేం కాలేదురా," అన్నాడు గాష్పర్ ఆయన్ని లేపి. "నమ్మకపోతే ఇంకొకరి చేత కాల్పించి చూడు."

నాన్న లేచి, తుపాకి సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు. మా లోయలో ఒకరి తుపాకి ఇంకొకరు కాల్చరు. యజమాని బతికుండగా తుపాకి ఇంకో భుజం రుచి చూస్తే మళ్లీ మొదటి భుజానికి మాట వినదని నమ్మకం. కట్టుకున్నదాన్ని అరువు అడిగినట్టే లెక్క. బండిలో సగం దూరం వచ్చాక, గాష్పర్‌గాడికి కళ్లు పోయాయి అన్నాడు. అవును నాన్నా, కళ్లజోడు మార్చుకోవాలి అన్నాను నేను.

అక్టోబరు అలా వచ్చింది. నేను తెల్లవారుజామున జున్ను కేంద్రానికి పోయి, పాల ఆవిరిలో మధ్యాహ్నం దాకా పని చేసి, బయటికి వస్తే అక్కడా తెల్లగానే ఉండేది. ఇంటికొస్తే నాన్న పొయ్యి పక్క బల్ల మీద ఉండేవాడు. తుపాకి విప్పి గుడ్డ మీద పరిచి, ఒక్కో ముక్కా తుడుస్తూ, మధ్యలో నిద్రపోతూ. ఒక రోజు వంటింట్లోకి కొండమేక వచ్చింది, నీళ్లు తాగి పోయింది అన్నాడు. ఏ కొమ్ము తిరిగింది అనడిగాను నవ్వుతూ. ఎడమది అన్నాడు. నిజంగానే ఎడమదే.

నన్ను పోల్దా అని పిలవడం మొదలుపెట్టాడు. అది అమ్మ పేరు. అమ్మ పోయిన ఆరేళ్లలో ఆయన నోట ఆ పేరు నేను వినలేదు. ఇప్పుడు రోజూ అమ్మ గురించే. గడ్డి కోతల్లో నీలం ముందుగుడ్డ కట్టుకుని ఎలా వచ్చిందో, పెళ్లికి ముందు ఒకసారి నది దాటుతూ చెప్పు పోగొట్టుకుంటే ఆయన మోకాలి లోతు నీళ్లలో ఎంత దూరం పరుగెత్తాడో, చెప్పు దొరికిందని అబద్ధం చెప్పి తన చెల్లెలి చెప్పు ఎలా ఇచ్చాడో. ఆ చెప్పు ఆమెకి సరిపోయిందట. నేను కోటు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి వినేదాన్ని. నాన్నా, నేను తిల్కాని అని మొదట్లో అనేదాన్ని. తర్వాత అనడం మానేశాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజులు నాకు బాగున్నాయి. నలభై మూడేళ్లలో ఆయన నాతో అంత మాట్లాడలేదు. ముసలితనం ఇంత మెత్తగా వస్తుందా అనుకున్నాను. కాఫీలో ఉప్పు వేసుకుంటే నవ్వుకున్నాను. అన్నీ గాలి మీదికి తోసేశాను, గాలి లేని రోజున కూడా.

అక్టోబరు మూడో శనివారం మళ్లీ గనికి వెళ్లాం. గాష్పర్ పట్టీలు మళ్లీ బిగించాడు, నాన్న కొత్త మరలు వేశాడు. మూడింట్లో ఒకటే కాగితానికి తగిలింది, అదీ మూలన. ఈసారి ఎవరూ జోకులు వెయ్యలేదు. ఒకాయన బూటు లేసు కట్టుకుంటూ ఉండిపోయాడు. తుపాకి పూర్తిగా పోయినట్టుంది అన్నాడు నాన్న, గొంతులో ఏ బరువూ లేకుండా. రాడో నన్ను పక్కకి పిలిచి, పండగ దాకా ఆగుతాను తిల్కా, ఆ తర్వాత నా చేతిలో లేదు అన్నాడు. అని నా వంక చూడలేకపోయాడు.

మర్నాడు నాన్న తుపాకి బిగిస్తుంటే ఒక చిన్న మర ఎంతకీ దాని చిల్లులోకి పోలేదు. ఎడమ చేత్తో పట్టుకున్నాడు. పడింది, ఏరాడు, పడింది, ఏరాడు. నేనే పెట్టాను. ఆయన తన చేతిని ఎవరిదో అన్నట్టు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

గాష్పర్ మాట ఆ రోజు నుంచి నన్ను తినడం మొదలుపెట్టింది. ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం కేంద్రం నుంచి వచ్చి చూస్తే నాన్న బల్ల మీద గాఢనిద్రలో ఉన్నాడు. తుపాకి తీసుకున్నాను. సంచి జిప్పు చప్పుడుకి ఆయన లేస్తాడేమోనని ఆగాను, లేవలేదు. లేచి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకిప్పటికీ తెలియదు. గనికి వెళ్లే దారిలో ఎవరైనా చూస్తారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగాను. దొంగతనం చేసినా అంత భయం ఉండదు.

గనిలో ఎవరూ లేరు. కాగితం కట్టి, తిరిగొచ్చి, తడి చాప మీద పడుకున్నాను. కర్ర నా చెంపకి తగిలింది. ఆయన పొగాకు వాసన. ఆయన భుజానికి అరిగిన గుంటలో నా భుజం కుదరలేదు, కొంచెం కదిలితే కుదిరింది. మంచు ఆ కాసేపు విడిచింది, కాగితం తెల్లగా కనిపించింది. తొందరపడకుండా మూడు కాల్చాను.

నడిచి వెళ్లి చూశాను. మూడు చిల్లులూ వలయం నడుమ, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నా కోటు బొత్తాం పెడితే మూడూ దాని కింద దాక్కున్నాయి.

జీవితంలో అంత బాగా నేనెప్పుడూ కాల్చలేదు. కాగితం పట్టుకుని రాళ్ల మీద కూర్చుని ఏడ్చాను. తుపాకికి ఏమీ కాలేదు. అంటే ఇక నాన్న పని అయిపోయింది, కళ్లు పోయాయి, చేతులు పోయాయి, ఆ మాట నేనే ఆయనకి చెప్పాలి. అప్పటికి నాకు తోచింది అంతే. తూటాల ఖాళీ తొడుగులు ఏరుకుని, తుపాకి భుజానికి తగిలించుకుని, ఎలా చెప్పాలో మాటలు పేర్చుకుంటూ ఇంటికొచ్చాను.

నాన్న లేచి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు ఉడికించిన చెస్ట్‌నట్ కాయలు. ఒక్క కుడి చేత్తోనే ఒలుచుకోవాలని చూస్తున్నాడు. తుపాకి గోడకి ఆనించి, ఆయన ముందు కాగితం పెట్టాను.

"నేనే కాల్చాను నాన్నా. నీ తుపాకితో."

తిట్లకోసం ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు, దూరం జరిపాడు, మళ్లీ దగ్గరికి తెచ్చి తల కొంచెం పక్కకి వంచాడు. మొహంలో మెల్లగా ఒక సంతోషం వచ్చింది.

"ఆరూ ఒక్కచోటే పెట్టావే," అన్నాడు. "మీ అమ్మ చూస్తే మురిసిపోయేది."

నేను కాల్చింది మూడు.

చెస్ట్‌నట్ తొక్కల్ని మెల్లగా పక్కకి తోసి, ఆయన టోపీ తీశాను. ఆ నెలన్నరా ఇంట్లో కూడా ఆయన దాన్ని తియ్యలేదు, దానికీ నేను గాలినే తిట్టాను. కుడి చెవి వెనక వేళ్లతో తడిమాను. వాపేమీ లేదు అక్కడ, ఎప్పుడో తగ్గిపోయింది. కాని ఆయన కళ్లు మూసుకున్నాడు.

"కొండ మీద పడ్డప్పుడు నీ తలకి తగిలిందా నాన్నా?"

"తగిలింది కదా. రాతికి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు కదమ్మా," అన్నాడు. అందులో నిష్ఠూరమేమీ లేదు, నిజం చెప్పాడంతే.

రాడోకి ఫోన్ చేశాను. అతని బండి మా బండి కంటే వేగం. నేను నాన్నని వెనక సీట్లో ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. దారిలో ఆయన నన్ను రెండుసార్లు పోల్దా అన్నాడు, ఒకసారి ఏమీ అనకుండా పేరు కోసం వెతికాడు.

ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ వివరాలు రాసుకుంది. ఏ రోజు పడ్డారు అంటే తేదీ చెప్పాను. ఎన్ని గంటలకి అంటే చెప్పాను. ఎటు పక్క పడ్డారు, ఎంత ఎత్తు నుంచి, స్పృహ తప్పిందా, ఎంతసేపు అని అడిగింది. నాకు తెలియదన్నాను. మీరు పక్కనే ఉన్నారు కదా అంది. ఉన్నాను. తుపాకి ఎన్ని అడుగులు జారిందో, ఏ రాతికి మడమ తగిలిందో, ఎక్కడ ఎంత పొడుగు గీత పడిందో అంగుళాలతో సహా చెప్పగలను. మా నాన్న ఎలా పడ్డాడో నాకు తెలియదు. ఆ అమ్మాయి పెన్ను ఆపి నా వంక చూసింది. తర్వాత ఆ గడి ఖాళీగా వదిలేసింది.

పుర్రెకీ మెదడుకీ మధ్య నెత్తురు ఊరుతూ వచ్చిందట, ఆరు వారాలుగా, చుక్క చుక్కగా. గుండె కోసం ఆయన వేసుకునే మాత్ర నెత్తుర్ని పల్చన చేస్తుంది కనక ఆగలేదట. పుర్రెకి రెండు చిన్న రంధ్రాలు పెట్టి తీసేశారు. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమై ఉంటే, అని డాక్టరమ్మ మొదలుపెట్టి, నా మొహం చూసి, అవ్వలేదు కదా అని ముగించింది. దక్షిణపు గాలి ఇంకా వీస్తూనే ఉంది. ఆ రెండు రోజులూ ఆసుపత్రి వసారాలో కూర్చుని, ఆ రెండో చప్పుడునే మళ్లీ మళ్లీ విన్నాను.

మూడో రోజు నాన్న కళ్లు తెరిచి, తిల్కా, నీ జుట్టేంటే అలా ఉంది అన్నాడు. నా పేరు అంత బాగుంటుందని నాకప్పటిదాకా తెలియదు.

పండగ ముందు రోజు రాడో వచ్చాడు. కొత్త చొక్కా, చేతిలో పళ్ల సంచి. ఆసుపత్రికి బయల్దేరిన రోజు మా ఇంటికి తాళం వేసింది అతనే. బల్ల మీద కాగితం చూసి జేబులో పెట్టుకున్నాడట. దాన్ని మంచం మీద పరిచి, పెన్ను తీసి నాన్న చేతికిచ్చాడు.

"మామా, మూడూ వలయంలో ఉన్నాయి. తుపాకి మీది. ట్రిగ్గర్ మీద వేలు ఎవరిదని మన నిబంధనలో ఎక్కడా రాయలేదు. మీరు సంతకం పెడితే రేపు గోడకి తగిలిస్తాను."

నేను రాడో వంక చూశాను. నాన్న దగ్గర అబద్ధం ఆడటం అతనికి చేతకాదు, చెవులు ఎర్రబడ్డాయి. కాని ఆ క్షణాన నాన్న సంతకం పెట్టాలనే కోరుకున్నాను. నా తప్పు ఏదో అలా చెరిగిపోతుందనిపించింది. వసంతానికల్లా చెయ్యి మామూలవుతుందని డాక్టరమ్మ చెప్పింది, కళ్లు అప్పటికే కుదురుకున్నాయి. ఒక్క సంతకం చాలు, ఆయన కొండ ఆయనకి ఉంటుంది.

నాన్న కాగితాన్ని కళ్లకి దగ్గరగా పట్టుకున్నాడు.

"మూడే," అన్నాడు. "ఆ రోజు ఆరు కనిపించాయి నాకు. మూడయితేనే ఇంకా బాగుంది."

తర్వాత కాగితాన్ని పళ్ల సంచి మీద ఆనించుకుని రాశాడు. చాలాసేపు పట్టింది. రాసింది తన పేరు కాదు, నా పేరు. కింద తుపాకి నంబరు కూడా రాశాడు, అది చూడకుండానే వచ్చు ఆయనకి.

రాడో ఒప్పుకోలేదు. వసంతంలో మళ్లీ కాల్చొచ్చు మామా, సంఘాన్ని నేను ఒప్పిస్తాను, తొందరేముంది అన్నాడు. నాన్న అతని మోచెయ్యి తట్టి, కింద కాఫీ బాగుంటుందట, వెళ్లి ముగ్గురికీ తెచ్చిపెట్టు అన్నాడు. రాడో వెళ్లాడు. తలుపు మూసుకున్నాక నాన్న కిటికీ వైపు తిరిగాడు. గుండు చేసిన తల, దాని మీద రెండు చిన్న కట్లు.

"చేతకాక మానేస్తున్నాననుకుంటారు," అన్నాడు. "అనుకోనీ. ఆ రోజు నువ్వు జారి ఉంటే, నేను ముందు తుపాకి దగ్గరికే వెళ్లేవాణ్ని తిల్కా. ఇక్కడ పడుకున్నప్పటి నుంచీ అదే ఆలోచన. ఎన్నిసార్లు అనుకున్నా అటే వెళ్తున్నాను."

"నేను వెళ్లింది అటే కదా నాన్నా."

"నేను పంపితే వెళ్లావు," అన్నాడు. "నన్ను ఎవరూ పంపక్కర్లేదు."

దుప్పటి మీద ఉన్న ఆయన ఎడమ చెయ్యి అందుకున్నాను. ఆ చేతిలో ఇంకా బలం లేదు. పట్టుకోవాలని చూస్తోంది, వేళ్లు ఒక్కొక్కటే కదులుతున్నాయి. అవి నా చేతిని చుట్టుకునేదాకా కదలకుండా కూర్చున్నాను.